43 మెగాపాస్కల్ ఎక్కడి నుంచి వచ్చింది? విశాఖలో ఒక మెంబ్రేన్ కప్పు కథ

విశాఖపట్నంలో ఒక స్కూలు. పిల్లలు పొద్దున ప్రార్థనకి నిలబడే చోట 10 మీటర్లకి 10 మీటర్ల టెన్సైల్ కప్పు, అంటే గుడ్డని బిగించి లాగి కట్టే కప్పు, వేయాలి. నాలుగు స్తంభాలు, ఎదురెదురుగా రెండు మూలలు ఎత్తు, మిగతా రెండు పల్లం, మధ్యలో గుర్రపు జీనులా వంపు తిరిగిన పీవీసీ పూత పాలిస్టర్ గుడ్డ, అంచుల్లో స్టీల్ కేబుళ్లు. మా చేతికి వచ్చేసరికి డిజైన్ ఒక విడత అయిపోయింది. వేరే కన్సల్టెంట్ ఇచ్చిన రిపోర్టులో ఎరుపు, పసుపు, నీలం రంగుల బొమ్మ ఒకటి, దాని కింద ఒక్క వాక్యం: గరిష్ఠ స్ట్రెస్ 43 మెగాపాస్కల్, అనుమతి 21 మెగాపాస్కల్, ఫెయిల్. (స్ట్రెస్ అంటే గుడ్డ మందంలో చదరపు మిల్లీమీటరుకి పడే బలం; అక్కడ ఒక న్యూటన్ పడితే ఒక మెగాపాస్కల్.) పక్కనే సిఫార్సు: ఇంకా మందమైన గుడ్డ వాడండి.

స్కూలు వాళ్లు మమ్మల్ని అడిగింది చిన్న ప్రశ్న. "మందం గుడ్డ వేస్తే సరిపోతుందా లేదా, అది చెప్పండి సార్, చాలు." దానికి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను, ఎందుకంటే ఆ 43 అనే అంకె నాకు అసలు అర్థం కాలేదు. రెండు రోజులు దాని వెనకే తిరిగాం. తిరిగాక తెలిసిందేమిటంటే డిజైన్ నిజంగానే ఫెయిల్, కానీ కారణం రిపోర్టు చెప్పింది కాదు, మందు కూడా రిపోర్టు రాసింది కాదు. ఈ పని చేసేవాళ్లకి పనికొస్తుందని ఎక్కడెక్కడ ఏం చూశామో మొత్తం రాస్తున్నాను. లెక్కలన్నీ కాలిక్యులేటర్ మీద చేసుకోగలిగినవే, కావాలంటే పక్కన చేస్తూ చదవండి.

ముందు మెగాపాస్కల్ సంగతి

గుడ్డ బలాన్ని అది తయారుచేసేవాళ్లు మెగాపాస్కల్‌లో ఇవ్వరు. 5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ కోసి, తెగేదాకా లాగి, ఎన్ని న్యూటన్లకి తెగిందో రాస్తారు. మా గుడ్డ సర్టిఫికెట్‌లో పడుగు (పొడవు దారాల) దిశలో 4200, పేక (అడ్డ దారాల) దిశలో 4000 ఉంది. 5 సెంటీమీటర్లకి 4200 న్యూటన్లంటే మీటరు వెడల్పుకి 84 కిలోన్యూటన్లు. పేకలో 80. ఈ బలాన్ని మేం 5తో భాగించి వాడతాం, కాబట్టి పడుగులో 16.8, పేకలో 16. అంత పెద్ద భాగహారం ఎందుకంటే ఎండకి పూత పాడవుతుంది, ఏళ్ల తరబడి లాగి ఉంచితే దారం నీరసిస్తుంది, అతుకుల దగ్గర బలం మొత్తం రాదు, ఎక్కడో చిన్న చిరుగు పడితే అది పాకకూడదు.

(అన్నట్టు, ఆఫీసులో మేమందరం వార్ప్, వెఫ్ట్ అనేవాళ్లం. చీరాల వైపు నేత కుటుంబం నుంచి వచ్చిన మా ఫ్యాబ్రికేషన్ మేస్త్రి గుడ్డ రోలు విప్పగానే "పడుగు ఇటు సార్" అని చాక్‌పీసుతో బాణం గీస్తాడు. ఆ బాణం దిశ, మోడల్‌లో మేం పెట్టిన అక్షం దిశ ఒకటేనా అని చూసుకోవడం అతని వల్లే అలవాటైంది. అప్పటి నుంచి నేను కూడా పడుగు, పేక అనే అంటున్నాను.)

మీటరుకి ఇన్ని కిలోన్యూటన్లని మెగాపాస్కల్‌గా మార్చాలంటే మందంతో భాగించాలి. ఏ మందంతో? రిపోర్టులో 0.8 మిల్లీమీటర్లు తీసుకున్నారు. 84ని 0.8తో భాగిస్తే 105, దాన్ని 5తో భాగిస్తే 21. రిపోర్టులోని అనుమతి అంకె అలా వచ్చింది, అందులో తప్పు లేదు. కానీ బరువు మోసేది దారాలు, పూత కాదు. మోడల్‌లో మందం 1 మిల్లీమీటరు అని టైప్ చేస్తే స్ట్రెస్ ఐదో వంతు తగ్గినట్టు కనిపిస్తుంది, గుడ్డ మాత్రం అదే గుడ్డ. మా మోడళ్లలో మందం 1 అని పెట్టేసి వచ్చిన అంకెని నేరుగా మీటరుకి కిలోన్యూటన్లుగా చదువుకుంటాం. గుడ్డ ముచ్చటలో మెగాపాస్కల్ కనిపిస్తే మొదట దాన్ని వెనక్కి తిప్పుకోండి. 43ని 0.8తో గుణిస్తే 34.4. అంటే రిపోర్టు ప్రకారం గుడ్డలో మీటరుకి 34 కిలోన్యూటన్ల లాగుడు ఉంది. అనుమతి 16.8.

గాలి ఒత్తిడి

గాలి బలాలు లెక్కించే భారతీయ కోడ్ ఐఎస్ 875 మూడో భాగం, 2015 ప్రకారం విశాఖకి ప్రాథమిక గాలివేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊరికి ఈ అంకె గురించి నచ్చజెప్పే పని ఉండదు. ఎత్తు, నేల, ప్రాముఖ్యం వగైరా గుణకాలు మా స్థలానికి 1 దగ్గర ఉన్నాయి. వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి 1500 న్యూటన్లు, అంటే 1.5 కిలోన్యూటన్లు. తుపాను తీరం కాబట్టి దిశ పేరుతో ఇచ్చే తగ్గింపు కూడా తీసుకోకూడదు. ఇలాంటి జీను ఆకారానికి నేరుగా సరిపోయే గుణకం కోడ్‌లో మాకు దొరకలేదు. ఓపెన్ కప్పుల పట్టికలు చూసి, జాగ్రత్త వైపు ఉండి, పైకి లేపే గాలికి 0.8 తీసుకున్నాం. 1.5ని 0.8తో గుణిస్తే 1.2. రిపోర్టులోనూ ఇదే ఉంది. అంటే కప్పు మీద పడే గాలి బలం విషయంలో ఇద్దరికీ తేడా లేదు, ఆ తర్వాత జరిగినదాంట్లోనే తేడా.

ఒక చేతిలెక్క

జీను ఆకారంలో రెండు దారులుంటాయి. ఎత్తు మూల నుంచి ఎత్తు మూలకి వెళ్లే దారి వేలాడే తాడులా కిందికి వంగి ఉంటుంది. పల్లం మూల నుంచి పల్లం మూలకి వెళ్లేది కమానులా పైకి ఉబ్బి ఉంటుంది. వేలాడే దిశ గుడ్డని కిందికి నెడుతున్న బరువుని మోస్తుంది, కమాను దిశ గుడ్డని పైకి లేపే గాలిని ఆపుతుంది. గాలి లేనప్పుడు రెండూ ఒకదాన్నొకటి లాగి పట్టుకుంటాయి. సూత్రం ఒక్కటే: ప్రతి దిశలో బిగువుని ఆ దిశ వంపు వ్యాసార్ధంతో భాగించండి, రెండింటి తేడా ఆ చోట గుడ్డ మోస్తున్న ఒత్తిడికి సమానం. గాలి లేకపోతే తేడా సున్నా.

పాత డిజైన్‌లో ఎత్తు మూలకీ పల్లం మూలకీ తేడా 1.5 మీటర్లే. మూల నుంచి మూలకి 14.14 మీటర్ల దూరంలో మధ్యన వంపు లోతు 0.75 మీటరు. వ్యాసార్ధం కావాలంటే దూరం వర్గాన్ని లోతుకి ఎనిమిది రెట్లతో భాగించాలి: 200ని 6తో భాగిస్తే 33.3 మీటర్లు. రెండు దిశల్లోనూ అదే. గుడ్డకి ముందుగా ఇచ్చే బిగువు, అంటే ప్రీస్ట్రెస్, రెండు దిశల్లో మీటరుకి 2 కిలోన్యూటన్లు.

ఇప్పుడు 1.2 ఒత్తిడి పెట్టండి. సాఫ్ట్‌వేర్‌ని లీనియర్ స్టాటిక్ అనే బటన్‌తో నడిపితే అది ఆకారం మారదనుకుంటుంది. అప్పుడు రెండు దిశలూ ఒత్తిడిని చెరి సగం పంచుకుంటాయి: కమాను దిశలో బిగువు పెరుగుతుంది, వేలాడే దిశలో అంతే తగ్గుతుంది. పెరిగేది, తగ్గేది ఎంతంటే ఒత్తిడి, వ్యాసార్ధాల లబ్ధంలో సగం, అంటే 1.2 ఇంటూ 33.3 బై 2, అంటే 20. కమాను దిశలో 2కి 20 కలిపితే 22. వేలాడే దిశలో 2 నుంచి 20 తీసేస్తే మైనస్ 18.

మైనస్ 18! గుడ్డ మీద మీటరుకి 18 కిలోన్యూటన్ల నొక్కుడు. గుడ్డని ఎవరైనా నొక్కగలరా? ఒక రుమాలు తీసుకుని రెండు చివర్లూ దగ్గరికి తెస్తే ముడత పడుతుంది, అంతే. ఎదురు తిరగదు. కానీ ప్రోగ్రాంకి అది గుడ్డ అని తెలియదు, పలచటి రేకు అనుకుంటోంది.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. రిపోర్టులోని రంగుల బొమ్మ వాన్ మైసెస్ స్ట్రెస్‌ది. అది స్టీల్ లాంటి, అన్ని దిశల్లో ఒకేలా ఉండే లోహాల కోసం పుట్టిన కొలత. రెండు దిశల స్ట్రెస్‌లని ఒక్క అంకెలో కలిపేస్తుంది, ఎప్పుడూ ప్లస్‌లోనే చూపిస్తుంది. 22నీ మైనస్ 18నీ అందులో వేయండి: 22 వర్గం 484, 18 వర్గం 324, రెండింటి లబ్ధం 396, మొత్తం 1204, వర్గమూలం 34.7. దాన్ని 0.8తో భాగిస్తే 43.4.

రిపోర్టులోని 43 ఇదే. కాగితం మీద ఆ 34.7 వచ్చిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అంతవరకూ ఆ అంకె సాఫ్ట్‌వేర్ లోపల ఏదో పెద్ద లెక్క నుంచి వచ్చిందనుకుంటూ వచ్చాను. తీరా చూస్తే ప్రపంచంలో ఏ గుడ్డలోనూ ఉండలేని ఒక నొక్కుడు, లాగుడు వేషంలో వచ్చి బిగువుకి కలిసింది. మోడల్ ఫైలు అడిగి తెప్పించుకుంటే అనుమానం తీరిపోయింది: లీనియర్ రన్, గుడ్డకి బదులు షెల్ ఎలిమెంట్లు (పలచటి రేకు ముక్కలు), కేబుళ్లు లేవు, నాలుగు అంచులూ గోడకి కుట్టేసినట్టు పూర్తిగా పిన్ చేసి ఉన్నాయి.

ఆకారం మారనిస్తే

నిజంలో ఏమవుతుందంటే, గాలి లేపగానే వేలాడే దిశ వదులైపోయి చేతులెత్తేస్తుంది. బరువంతా కమాను దిశ మీద పడుతుంది. గుడ్డ సాగుతుంది, సాగితే పైకి ఉబ్బుతుంది, ఉబ్బితే వంపు పెరిగి వ్యాసార్ధం తగ్గుతుంది, వ్యాసార్ధం తగ్గితే అదే గాలిని తక్కువ బిగువుతో ఆపగలదు. బట్టలు ఆరేసే తాడుని గీత గీసినట్టు లాగి కడితే ఒక్క తడి దుప్పటికే కొక్కెం ఊడొస్తుంది, కాస్త జారుగా కడితే నాలుగు దుప్పట్లు మోస్తుంది కదా, అదే సంగతి.

గుడ్డ సాగుడు గట్టితనం మీటరుకి 600 కిలోన్యూటన్లు అనుకుని మూడు నాలుగు సార్లు ఊహించి సరిచూస్తే లెక్క కుదురుతుంది. బిగువు 18.5 అనుకోండి. ముందున్న 2 తీసేసి 600తో భాగిస్తే 2.75 శాతం సాగుడు. కమాను పొడవు 14.25 మీటర్లు ఉన్నది 14.64 అవుతుంది. ఆ పొడవుకి మధ్య ఎత్తు 0.75 నుంచి 1.62కి లేస్తుంది. కొత్త వ్యాసార్ధం 15.4. దాన్ని 1.2తో గుణిస్తే 18.5. అనుకున్నదే వచ్చింది కాబట్టి అక్కడ ఆగాలి.

కాబట్టి అసలు అంకె 34 కాదు, 18.5. అయినా అనుమతి 16.8 కంటే పది శాతం ఎక్కువ. దానికంటే నన్ను భయపెట్టింది ఆ ఎత్తు: గుడ్డ మధ్యభాగం 87 సెంటీమీటర్లు పైకి లేస్తోంది, వేలాడే దిశలో మిగిలిన బిగువు సున్నా.

ఇక మందం గుడ్డ సంగతి. మందమైన గుడ్డ గట్టితనం కూడా ఎక్కువ. 600 బదులు 900 వేసి అదే లెక్క చేయండి: గుడ్డ తక్కువ సాగుతుంది, తక్కువ ఉబ్బుతుంది, కాబట్టి బిగువు 18.5 నుంచి 20.6కి పెరుగుతుంది! గుడ్డ బలం కూడా పెరిగింది కాబట్టి కాగితం మీద పాస్ అవుతుంది, అది ఒప్పుకోవాలి. కానీ పెరిగిన లాగుడు కేబుళ్లకీ, మూలలకీ, స్తంభాలకీ, పునాదులకీ వెళుతుంది. వేలాడే దిశ వదులు మాత్రం అలాగే ఉంటుంది. రిపోర్టు సిఫార్సు పాటిస్తే ఖర్చు రెండు చోట్ల పెరిగి, జబ్బు ఉన్నచోటే ఉండేది.

మేం చేసిన తప్పు

చేతిలెక్క అయ్యాక సొంత మోడల్ కట్టాం. ఆకారం గ్రాస్‌హాపర్ అనే డిజైన్ ప్రోగ్రాంలో, కంగారూ అనే ప్లగిన్‌తో వెతికాం. ఇక్కడ కొత్తవాళ్లకి ఒక మాట. కంగారూ లాంటి వాటిలో గుడ్డని గీతల వలగా చూస్తాం, అది ఇచ్చేది గీతలో బలం, స్ట్రెస్ కాదు. గీతల మధ్య దూరంతో భాగిస్తేనే మీటరుకి ఎంతో తెలుస్తుంది. గీతలో 0.9 కిలోన్యూటన్, గీతల మధ్య 45 సెంటీమీటర్లు అయితే మీటరుకి 2. మెష్‌ని, అంటే ఆ వల గళ్లని, సగానికి చిన్నది చేస్తే గీతలో బలం సగమవుతుంది, గుడ్డలో మాత్రం ఏ మార్పూ ఉండదు. స్ట్రెస్ సగానికి తగ్గిందని సంబరపడిన ఒక ఇంజనీర్‌ని నేను చూశాను.

ఆ ఆకారాన్ని, బరువు పడితే ఆకారం మారనిచ్చే నాన్‌లీనియర్ ప్రోగ్రాంలోకి తెచ్చి, గుడ్డకి నొక్కుడు మోయలేని మెటీరియల్ పెట్టి, కేబుళ్లు వేసి, 1.2 ఒత్తిడి ఇచ్చి నడిపాం. గరిష్ఠ బిగువు 11 వచ్చింది. చేతిలెక్క 18.5, మోడల్ 11. కేబుళ్లు కదులుతాయి కాబట్టి కొంత తగ్గుతుందని తెలుసు, అయినా ఇంత తగ్గకూడదు. మా జూనియర్ అమ్మాయి "సార్, మోడల్ తక్కువే చెబుతోంది కదా, పాస్ అయిపోయింది" అంది. ఆ సాయంత్రం నేను కూడా దాదాపు ఒప్పేసుకున్నాను, ఎందుకంటే అది మేం కోరుకున్న జవాబు.

మర్నాడు రియాక్షన్లు, అంటే కప్పుని పట్టి ఉంచే మూలల్లో వచ్చే బలాలు, కూడాం. ఇది అందరూ చేయాల్సిన పని, రెండు నిమిషాలు కూడా పట్టదు. గుడ్డ మీద ఒకే ఒత్తిడి ఉన్నప్పుడు ఆకారం ఎలా వంపులు తిరిగినా, మొత్తం నిలువు బలం ఒత్తిడిని పై నుంచి చూసిన వైశాల్యంతో గుణించినంతే. అంచులు ఒక్కొక్కటి 80 సెంటీమీటర్లు లోపలికి వంగి ఉన్నాయి కాబట్టి 100 చదరపు మీటర్లలో మిగిలింది 79. దాన్ని 1.2తో గుణిస్తే 95 కిలోన్యూటన్లు. నాలుగు మూలల నిలువు రియాక్షన్లు కూడితే 57 వచ్చింది.

మిగతా 38 ఏమైంది? ఒక ముక్క మీద ఒత్తిడి పైకి కాకుండా కిందికి పడితే, ఆ ముక్క వల్ల తేడా రెండు రెట్లు వస్తుంది. 38లో సగం 19. 95లో 19 అంటే ఐదో వంతు. మెష్ నార్మల్స్, అంటే ప్రతి ముక్క ఎటు తిరిగి ఉందో చూపే బాణాలు, ఆన్ చేసి చూస్తే సరిగ్గా అంతే: ఒక పల్లం మూల చుట్టూ ఐదో వంతు ముక్కల బాణాలు కిందికి తిరిగి ఉన్నాయి. ఆకారం ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి వచ్చేటప్పుడు ఆ భాగం తలకిందులైంది. గాలి కప్పులో ఎక్కువ భాగాన్ని పైకి లేపుతుంటే ఆ మూలలో కిందికి నెడుతోంది. బొమ్మలో ఆ చోట చిన్న గుంట కనిపించింది కూడా, కానీ మా కళ్లు రంగుల మీదే ఉండటంతో ఆకారం పట్టించుకోలేదు. బాణాలు సరిచేస్తే కూడిక 94.6 వచ్చింది, మధ్యలో బిగువు 16.4 అయింది. 18.5కి 16.4, కేబుళ్లు కదలడం వల్ల వచ్చే తేడాగా నమ్మదగ్గదే. ఈ తప్పు మా సంతకంతో బయటికి వెళ్లి ఉంటే, పాస్ కాని కప్పుని నిండు ధీమాతో పాస్ చేసి ఉండేవాళ్లం. 16.4 అనేది 16.8 లోపలే కదా అంటారేమో. గట్టితనం 600 అనేది ఊహే, అది పదిహేను శాతం ఎక్కువైతే దాటేస్తుంది. రెండు దిశల్లో ఒకేసారి లాగి చేసిన పరీక్ష ఫలితం సప్లయర్ దగ్గర అడిగాం. వచ్చేదాకా అంచు మీద నిలబడ్డ అంకెని పాస్ అనలేం.

ఎర్రటి మూల

సరైన రన్‌లో కూడా బొమ్మలో భగ్గుమన్నది మధ్యభాగం కాదు, నాలుగు మూలలు. పల్లం మూల దగ్గర మీటరుకి 26. సైట్ నుంచి మేస్త్రి ఫోన్‌లో బొమ్మ చూసి "ఆ ఎర్ర మూలలకి డబల్ ప్యాచ్ వేసేద్దాం సార్, గొడవ ఉండదు" అన్నాడు. మూలలకి డబల్ ప్యాచ్ ఎలాగూ వేస్తాం, కానీ ఆ 26ని నమ్మాలా అన్నది వేరే ప్రశ్న. మెష్ 400 మిల్లీమీటర్ల నుంచి 200కి తగ్గించాం: 38. 100కి తగ్గించాం: 55. మెష్ చిన్నదయ్యే కొద్దీ ఆగకుండా పెరిగే అంకె ఆ కప్పు గురించి ఏమీ చెప్పదు. రెండు కేబుళ్లూ గుడ్డా ఒకే బిందువులో కలిసేలా గీశాం కాబట్టి ఆ బిందువు దగ్గర వెడల్పు సున్నా, ఎంత బలాన్నయినా సున్నాతో భాగిస్తే అంతే. నిజం మూలలో బిందువు ఉండదు, ఒక స్టీల్ ప్లేటు ఉంటుంది. గుడ్డ దానికంటే ముందే గుండ్రంగా కోసి ఆగిపోతుంది, కేబుళ్లు ప్లేటుకి పిన్నులతో తగులుకుంటాయి. మోడల్‌లో ప్లేటు గీశాం. మూడు మెష్‌లలోనూ 11, 12 మధ్య నిలిచింది. ఎర్ర మూల మాయమైంది.

ఇప్పుడు బొమ్మ మార్చి, వాన్ మైసెస్ తీసేసి, రెండు దిశల్లో తక్కువ బిగువు ఎంతుందో ఆ కొలత పెట్టాం. కప్పులో మూడొంతుల మేర ముదురు నీలం. సున్నా. రిపోర్టులో ఇన్నాళ్లూ ప్రశాంతంగా కనిపించిన రంగు అదే.

బిగువు సున్నా అయిన గుడ్డ తెగిపోదు, అది కొట్టుకుంటుంది. వేలాడే దిశలో పట్టు లేకపోవడంతో గాలి పోటుకి పైకి లేచి, పోటు తగ్గగానే చప్పట్లు కొట్టినట్టు కిందికి పడి, మళ్లీ లేచి, ఒక్క రాత్రిలో వేలసార్లు. పూత పగుళ్లు, అతుకులు వదలడం, మూలల బోల్టులు వదులవడం ఇక్కడే మొదలవుతాయి. నేను చూసిన చిరిగిన కప్పుల్లో ఎక్కువ భాగం నడిమధ్యన తెగలేదు. అంచుల్లో, అతుకుల్లో, కొట్టుకుని కొట్టుకుని పోయాయి.

కాబట్టి మాకు కావాల్సిన అసలు అంకె ఇది: ఎంత గాలికి వేలాడే దిశ మొదట వదులవుతుంది? చేతిలెక్క మళ్లీ సులువే. ప్రీస్ట్రెస్‌కి రెండింతలు తీసుకుని వ్యాసార్ధంతో భాగిస్తే ఆ హద్దు ఒత్తిడి. పాత డిజైన్‌లో 4 బై 33.3, అంటే చదరపు మీటరుకి 0.12 కిలోన్యూటన్. 0.8 గుణకంతో వెనక్కి లెక్కేస్తే సెకనుకి 15.8 మీటర్లు, గంటకి 57 కిలోమీటర్లు. అది తుపాను కాదు, మే నెల సాయంత్రం ఉరుములతో వచ్చే గాలివాన. అంటే ఈ కప్పు ప్రతి ఎండాకాలం నాలుగైదు సార్లు కొట్టుకునేది, కింద పిల్లలు ఉండగా.

ఏం మార్చాం

గుడ్డ మార్చలేదు. ఎత్తు మూలల్ని మీటరు పైకి, పల్లం మూలల్ని అర మీటరు కిందికి జరిపి, తేడాని 1.5 నుంచి 3 మీటర్లు చేశాం. పల్లం మూల నేల నుంచి 3.2 మీటర్లు ఉన్నది 2.7కి వచ్చింది, అది పిల్లలకి అందదు. వంపు లోతు 1.5 మీటర్లు, వ్యాసార్ధం 16.7. అదే 1.2 ఒత్తిడికి చేతిలెక్కలో 15, మోడల్‌లో 13. మధ్యభాగం లేవడం 87 సెంటీమీటర్ల నుంచి 49కి తగ్గింది. ఎత్తు స్తంభాలు మీటరు పొడుగయ్యాయి కాబట్టి వాటి బేస్ ప్లేట్లు, పునాదులు మళ్లీ లెక్కేయాల్సి వచ్చింది, స్కూలు వాళ్లకి అది కొంచెం కష్టంగానే అనిపించింది. మందం గుడ్డ ధరతో పోల్చి చూపించాక ఒప్పుకున్నారు.

ప్రీస్ట్రెస్‌ని కూడా 2 నుంచి 2.5కి పెంచాం. గరిష్ఠ బిగువు మీద దాని ప్రభావం దాదాపు లేదు, 15 దగ్గరే ఉంది. చాలామందికి ఇది వింతగా ఉంటుంది. పెద్ద గాలికి గుడ్డ ఎలాగూ ఎక్కువ సాగుతుంది, మొదట్లో ఇచ్చిన అర కిలోన్యూటన్ అందులో కలిసిపోతుంది. కానీ వదులయ్యే హద్దు మీద ప్రభావం చాలా ఉంది: 5 బై 16.7, అంటే 0.3, అంటే సెకనుకి 25 మీటర్లు, గంటకి 90 కిలోమీటర్లు. 57 నుంచి 90కి వచ్చాం. తుపాను రోజున వదులవుతుంది, అది తప్పదు, కానీ మామూలు గాలివానకి గట్టిగా నిలబడుతుంది. ఇంకా పెంచొచ్చు కదా అంటే పెంచొచ్చు, కానీ ప్రీస్ట్రెస్ గాలి లేని రోజుల్లో కూడా గుడ్డని లాగుతూనే ఉంటుంది, స్తంభాలని వంచుతూనే ఉంటుంది.

రెండు దిశల్లో లాగిన పరీక్ష ఫలితం ఆ తర్వాత వచ్చింది. పడుగులో గట్టితనం 640, పేకలో 520. పడుగుని కమాను దిశలో పెట్టాలని ముందే అనుకున్నాం. మేస్త్రి చాక్‌పీసు బాణం పల్లం మూలల వైపు తిరిగి ఉందని, గుడ్డ పైకెక్కే ముందు నేనూ అతనూ ఇద్దరం వెళ్లి చూశాం.

సైట్‌లో

బిగించే రోజు గుడ్డలో బిగువుని నేరుగా కొలవడం కష్టం, కేబుల్‌లో కొలవడం తేలిక. అంచు కేబుల్‌లో లాగుడు అంటే గుడ్డ బిగువు ఇంటూ అంచు వంపు వ్యాసార్ధం. మా అంచు వ్యాసార్ధం 17 మీటర్లు, కాబట్టి 2.5కి 42.5 కిలోన్యూటన్లు రావాలి. టర్న్‌బకుళ్లు (తిప్పితే కేబుల్ బిగిసే మర కడ్డీలు) నాలుగు మూలల్లో విడతలవారీగా, ఒక్కో మూలని కొంచెం కొంచెంగా తిప్పారు. మొదటి రోజు సాయంత్రానికి 36. మర్నాడు పొద్దున 33. గుడ్డ రాత్రికి రాత్రి సర్దుకుంది, పాలిస్టర్ అలాగే చేస్తుంది. మళ్లీ బిగించి 43కి తెచ్చి వదిలాం. కింద నిలబడి అరచేతితో గుడ్డని పైకి తడితే మొదటి రోజు డప్పు తడిసినట్టు మెత్తగా పలికింది, మూడో రోజు కాచిన డప్పులా పలికింది. అది కొలత కాదని తెలుసు, అయినా ప్రతి కప్పు కిందా ఆ చప్పుడు వింటాను.

ఆరు వారాల తర్వాత వెళ్లి కొలిస్తే నాలుగు అంచుల్లో సగటున 34. గుడ్డలో 2 మిగిలింది. అంటే వదులయ్యే హద్దు 90 నుంచి 80 కిలోమీటర్లకి దిగింది. అలా దిగుతుందని ముందే చెప్పి, ఒక్కో టర్న్‌బకుల్‌లో ఇంకా 60 మిల్లీమీటర్ల మర ఖాళీ ఉంచమని డ్రాయింగ్‌లో రాశాం కాబట్టి ఒక పూటలో మళ్లీ 43కి తెచ్చాం. స్కూలు ఆఫీసులో ఒక రిజిస్టర్ పెట్టించాం. ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరుకి ముందు ఒకసారి నాలుగు కేబుళ్లూ కొలిచి రాయాలి, ఏది 34 కంటే దిగినా మాకు ఫోన్ చేయాలి. మొన్న రెండో ఏడాది ఏప్రిల్ అంకెలు పంపారు: 39, 40, 38, 40.